మన దుకాణం యాడిదాకా? ఆన్‌లైన్ మ్యాపులో గీత గీసుకుందాం

ఈ వారం వీడియోలో కషాయం తయారీ చూపించడం లేదు. తయారైన కషాయం ఎంత దూరం పోవాలి, ఎక్కడ ఆగాలి అనేది చూపిస్తున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డ మధ్యలో హైవే నుంచి కొంచెం లోపలికి ఒక ఊళ్లో పొదుపు సంఘం అక్క ఒకామె ఎన్‌పీఎం షాపు నడుపుతోంది. జీవామృతం, ఘన జీవామృతం, అగ్నాస్త్రం, బ్రహ్మాస్త్రం అన్నీ అక్కడే చేసి అమ్ముతుంది. ఆ షాపుకు ఆన్‌లైన్ మ్యాపు తయారు చేశాం. ఎట్ల చేశామో ఒక్కొక్కటిగా రాస్తున్నా. వీడియో చూస్తూ చదువుకుంటే ఇంకా సులభం.

ముందు ఇది ఎందుకో చెప్పాలి. మన వీడియోలు చూసి ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది ధర కాదు. "అన్నా, మా ఊరికి పంపుతారా?" అని. పంపుతామని చెప్పి నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది? మిరప తోటలో పురుగు మన ఆటో కోసం ఆగదు. ఆ రైతు చేసేది లేక మందుల అంగడికి పోయి డబ్బా తెచ్చి కొడతాడు. రెండేళ్లు కష్టపడి రసాయనం మానిన చేను మళ్లీ మొదటికొస్తుంది. అట్లా ఒకసారి వెనక్కి పోయిన రైతును తిరిగి పిలుచుకురావడం కొత్తవాళ్లను చేర్చుకోవడం కంటే కష్టం. అందుకే మ్యాపులో మనం గీసే గీత ప్రచారం కోసం కాదు. అది మాట ఇవ్వడం. గీత లోపల ఉన్నవాళ్లకు చెప్పిన రోజుకు సరుకు అందాలి. గీత బయట ఉన్నవాళ్లకు ముందే తెలియాలి.

పొలానికి ఎఫ్‌ఎంబీ ఎట్లనో దుకాణానికి ఈ మ్యాపు అట్ల. హద్దు తెలియకుండా సేద్యం చెయ్యలేం గదా.

గుండ్రంగా గీస్తే ఏమవుతుంది

చాలామంది చేసేది ఏమిటంటే, దుకాణం దగ్గర పిన్ను పెట్టి చుట్టూ 30 కిలోమీటర్ల వృత్తం గీసేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. మన ప్రాంతంలో అది పనికిరాదు. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యలో పొడుగ్గా పల్లం. ఆ పల్లంలో కుందూ నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. మన షాపు చుట్టూ వృత్తం గీస్తే తూర్పు భాగం చాలావరకు నల్లమల అడవిలో పడుతుంది. అక్కడ మన సరుకు కొనేదెవరు? పడమర వైపు ఊళ్లు మ్యాపులో పక్కనే కనిపిస్తాయి, కానీ కుందూ మీద వంతెన ఉన్న చోటికి పోయి దాటి మళ్లీ వెనక్కి రావాలి. కాకి ఎగిరే దూరం వేరు, ఆటో పోయే దూరం వేరు.

అదే హైవే మీద చూడండి. నంద్యాల సుమారు 15.48 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఆళ్లగడ్డ 15.13 మీద. ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. ఆ లెక్కన రెండూళ్ల మధ్య నేరుగా 39 కిలోమీటర్లు వస్తుంది. 40వ నంబరు జాతీయ రహదారి దాదాపు సూటిగానే పోతుంది కాబట్టి రోడ్డు దూరం కూడా అంతకంటే పెద్దగా ఎక్కువేం కాదు. అంటే మన పరిధి గుండ్రంగా ఉండదు. హైవే పొడుగునా సాగి, పక్కలకు సన్నంగా ఉంటుంది. సొరకాయ ఆకారం అనుకోండి.

జిల్లా పేరు పెట్టేస్తే సరిపోదా

సరిపోదు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి ఏర్పడింది, అప్పుడు 29 మండలాలు. శ్రీశైలం కూడా ఇందులోనే ఉంది. "నంద్యాల జిల్లా అంతటా సరఫరా" అని పెడితే శ్రీశైలం వాళ్లు కూడా ఫోన్ చేస్తారు, తప్పు వాళ్లది కాదు. అక్కడికి పోవాలంటే ఆత్మకూరు మీదుగా, వేరే జిల్లాలో ఉన్న దోర్నాలకు పోయి, నల్లమల ఘాట్ ఎక్కాలి. ఇంకోవైపు చాగలమర్రి దాటితే వచ్చే దువ్వూరు కడప జిల్లా. జిల్లా వేరైనా రోడ్డు ఒకటే, ఆళ్లగడ్డ నుంచి హైవే మీద సూటిగా పోవచ్చు. సర్కారు గీసిన హద్దు పరిపాలన కోసం. మన హద్దు బండి కోసం.

ఒక్కో సరుకుకు ఒక్కో గీత

ఇదే అసలు సంగతి. దుకాణానికి ఒకే పరిధి ఉండదు. సరుకును బట్టి మారుతుంది.

జీవామృతం ఎకరాకు 200 లీటర్లు. అంటే ఒక డ్రమ్ము, 200 కిలోల బరువు. అందులో ఎక్కువ భాగం నీళ్లే. పైగా తయారైన వారం లోపల వాడేయాలి. ట్రాలీ ఆటోలో రెండు డ్రమ్ములు పడతాయి అనుకుందాం. బాడుగ లెక్క కోసం కిలోమీటరుకు 20 రూపాయలు వేసుకుందాం, మీ ఊరి రేటు మీరు వేసుకోండి. 10 కిలోమీటర్ల దూరానికి పోయి రావడం 20 కిలోమీటర్లు, 400 రూపాయలు, డ్రమ్ముకు 200. అదే 40 కిలోమీటర్ల దూరానికి పోతే 1600 రూపాయలు, డ్రమ్ముకు 800. ఎకరాకు 800 రూపాయలు నీళ్లు మోయడానికే పెట్టడం రైతుకు నష్టం. కాబట్టి జీవామృతం గీత దగ్గర్లోనే ఆగాలి. దానికి ఎరుపు రంగు ఇచ్చాం.

అగ్నాస్త్రం, బ్రహ్మాస్త్రం లెక్క వేరే. ఎకరాకు సుమారు 6 లీటర్లు తీసుకుని పొలం దగ్గరే నీళ్లలో కలుపుతాం. అగ్నాస్త్రం మూడు నెలలు, బ్రహ్మాస్త్రం ఆరు నెలలు నిల్వ ఉంటాయి. అదే ఆటోలో 400 లీటర్లు వేసుకుంటే 60 ఎకరాలకు పైగా సరిపోతుంది. 40 కిలోమీటర్లు పోయినా ఎకరాకు 25 రూపాయలు దాటదు. వీటికి నీలం గీత, హైవే పొడుగునా నంద్యాల దాకా, అటు చాగలమర్రి దాకా.

ఘన జీవామృతం బరువు ఎక్కువే, కానీ ఎండబెట్టి గోనె సంచుల్లో పెడితే ఆరు నెలల దాకా నిల్వ ఉంటుంది. తొందర లేదు. దుక్కికి ముందే పది మంది కలిసి ఆర్డరు ఇస్తే ఒకే బండిలో పోతుంది. దానికి ఆకుపచ్చ గీత, "కనీసం ఒక బండి నిండితేనే" అని పక్కన రాశాం.

కూరగాయలు, బియ్యం అమ్మే రైతులు కూడా ఇట్లనే ఆలోచించాలి. పొద్దున కోసిన ఆకుకూర నంద్యాల పట్టణంలో ఏ వీధి దాకా వాడకుండా పోతుందో అది ఒక గీత. గానుగ నూనె, బియ్యం ఎంత దూరమైనా పోతాయి, వాటికి ఇంకో గీత.

గీయడం ఎట్ల

మొదట కాగితం తీసుకోండి. గడిచిన సీజన్‌లో ఎవరెవరికి సరుకు పోయిందో ఊరి పేరు, బండికి పట్టిన సమయం, బాడుగ రాయండి. అక్క తన బిల్లు బుక్కు తీసి కూర్చుంది, గంటలో అయిపోయింది. ఈ పట్టీ లేకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఊహతో గీస్తాం.

తర్వాత గూగుల్ మై మ్యాప్స్ తెరవండి. ఉచితం, జీమెయిల్ ఉంటే చాలు. దీని ఆండ్రాయిడ్ యాప్‌ను గూగుల్ 2021లో ఆపేసింది, కాబట్టి గీసే పని కంప్యూటర్‌లో చేసుకోవడం మేలు. చూసేవాళ్లకు ఫోన్ చాలు.

కొత్త మ్యాపు మొదలుపెట్టి పేరు ఇవ్వండి. పేరు తెలుగులోనే పెట్టొచ్చు. ఊళ్ల పట్టీని గూగుల్ షీట్‌లో టైపు చేసి ఇంపోర్ట్ నొక్కితే పిన్నులు వాటంతట అవే పడతాయి. ఒక పొరలో 2,000 వరుసల దాకా తీసుకుంటుంది. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉంటాయి కాబట్టి ఊరి పక్కన మండలం పేరు తప్పకుండా రాయండి. లేకపోతే పిన్ను ఏ గోదావరి జిల్లాలోనో పడుతుంది. ఒక్కొక్క పిన్నూ సరిచూసుకోండి.

ఇప్పుడు గీతలు. గీత గీసే గుర్తు నొక్కి, సరుకు అందే చివరి ఊళ్లను ఒక్కొక్కటిగా తాకుతూ చుట్టి వచ్చి మొదలుపెట్టిన చోటే ముగిస్తే ఆ ప్రాంతం రంగు నిండుతుంది. ఒక్కో సరుకుకు ఒక్కో పొర పెట్టండి, పది పొరల దాకా ఇస్తుంది. ప్రతి పొర కింద మూడు మాటలు రాయండి: ఏ సరుకు, ఎన్ని రోజుల్లో అందుతుంది, బాడుగ ఎవరిది.

దూరం కాకుండా సమయం చూడండి. గూగుల్ మ్యాప్స్ చూపించే సమయం కారుకు. బరువేసుకున్న ట్రాలీ ఆటోకు ఇంకా ఎక్కువ పడుతుంది. మీ డ్రైవర్‌ను అడిగితే అతనే సరైన లెక్క చెప్తాడు. ఓపెన్‌రూట్‌సర్వీస్ అనే ఉచిత వెబ్‌సైట్ ఒకటుంది, ఒక చోటి నుంచి అరగంటలో ఎంత దూరం పోగలమో అదే గీసి చూపిస్తుంది. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది. మన పొలాల మధ్య బండ్ల దారులు అన్నీ అందులో ఉండవు. దాన్ని ఆధారంగా తీసుకుని చేతితో సరిదిద్దుకోండి.

వానాకాలం పొర

మన దగ్గర ఇది మర్చిపోకూడదు. 2019 సెప్టెంబరు వానలకు మహానంది గుడి ప్రాంగణంలోకే నీళ్లొచ్చాయి. నల్లమలలో గట్టిగా వాన పడితే వక్కిలేరు, చిన్న చిన్న వంకలు ఒక్కసారిగా పారతాయి, దారులు ఆగిపోతాయి. వాగు దాటి పోవాల్సిన ఊళ్లను వేరే పొరలో పెట్టి "వాన పడితే ఫోన్ చేసి అడగండి" అని రాశాం. ఆ ఊళ్ల రైతులకు అక్క ఇప్పుడు వానలకు ముందే అస్త్రాలు పంపి పెడుతోంది. మ్యాపు చూశాకే ఈ ఆలోచన వచ్చింది.

గూగుల్‌లో దుకాణం పేరు

"నా దగ్గర్లో జీవామృతం" అని వెతికేవాళ్లకు కనబడాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కావాలి. ఇదీ ఉచితమే. అందులో సర్వీస్ ఏరియా అని ఉంటుంది. ఇక్కడ వృత్తం గీయనివ్వదు. ఊళ్ల పేర్లు లేదా పిన్ కోడ్లు ఇవ్వాలి, ఎక్కువలో ఎక్కువ 20. దుకాణం నుంచి బండి మీద సుమారు రెండు గంటల దూరం దాటకూడదని గూగుల్ నియమం. పిన్ కోడ్ పెడితే చుట్టుపక్కల పల్లెలు కూడా కలుస్తాయి. ఉదాహరణకు ఆళ్లగడ్డది 518543, కోవెలకుంట్లది 518134. ఇంటి దగ్గరే తయారు చేసి బయటికి పంపేవాళ్లు, ఇంటికి జనం రావడం ఇష్టం లేకపోతే చిరునామా కనబడకుండా దాచుకోవచ్చు. ఇందులో సరుకుకో గీత పెట్టలేం కాబట్టి దూరం పోయే నీలం గీతను ఇక్కడ పెట్టి, వివరాల్లో మై మ్యాప్స్ లింకు ఇచ్చాం.

ఒక జాగ్రత్త. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, పొలాల పిన్నులు ఉన్న మ్యాపును అందరికీ పంపకండి. రెండు మ్యాపులు ఉంచుకోండి. ఒకటి మీకు, డ్రైవర్‌కు మాత్రమే. ఇంకొకటి గీతలు మాత్రమే ఉన్నది, దాని లింకు వాట్సాప్ గ్రూపులో, షాపు బోర్డు మీద క్యూఆర్ కోడ్‌గా. పొలానికి డోర్ నంబరు ఉండదు కాబట్టి రైతు పొలంలో నిలబడి వాట్సాప్ లొకేషన్ పంపితే మీ మ్యాపులో పిన్ను పెట్టుకోండి.

గీత బయట ఉన్నవాళ్లకు

"లేదు" అని చెప్పడానికి అక్క మొదట ఒప్పుకోలేదు. "వచ్చిన బేరం యాడ పోగొట్టుకుందాం?" అంది. ఇప్పుడు ఎర్ర గీత బయటి నుంచి జీవామృతానికి ఫోన్ వస్తే తయారీ వీడియో పంపుతుంది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి ఆ ఊళ్లోనే దొరుకుతాయి. నీళ్లు మోయాల్సిన పని లేదు. మోయాల్సినవి అస్త్రాలు, విత్తనాలు మాత్రమే.

బయటి నుంచి వచ్చిన ఆ ఫోన్లను కూడా మ్యాపులో బూడిద రంగు పిన్నులుగా పెట్టమన్నాను. అవి ఒక చోట గుమిగూడితే అక్కడ ఇంకో దుకాణం కావాలని అర్థం. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన సహజ సేద్య జాతీయ మిషన్‌లో దేశమంతా 10,000 బయో ఇన్‌పుట్ రిసోర్స్ సెంటర్లు పెట్టాలని ఉంది. మా ఊరికి ఒకటి ఇవ్వండి అని వట్టి మాటతో అడగడం వేరు, ఇన్ని ఊళ్ల నుంచి ఇన్ని ఫోన్లు వచ్చాయి, దగ్గరి షాపు గీత ఇక్కడ ఆగిపోయింది అని మ్యాపు ముందు పెట్టి అడగడం వేరు. దొర్నిపాడు, ఉయ్యాలవాడ వైపు శనగ వేసే నల్లరేగడి రైతులారా, మీ ఊరు ఏ గీతలో ఉందో వీడియో కింద ఉన్న లింకులో చూసుకోండి. ఏ గీతలోనూ లేకపోతే మీ ఊళ్లోనే ఒకరు షాపు పెట్టే ఆలోచన చెయ్యండి. బిల్లు బుక్కు పట్టుకుని పిలవండి, మ్యాపు గీయడానికి నేనొస్తా.