మగ్గము పనివారు పాదములను మరువరాదు



గుంటమగ్గము మీద కూర్చున్నవారికి కన్నులు నేతమీద, చేయి నాడెమీద ఉండును. కాళ్ళు మాత్రము కంటికి కనబడక గుంటలో పలకలు తొక్కుచుండును. కాలికి ఏది గ్రుచ్చుకొన్నను నొప్పియే మనకు కబురు చెప్పవలెను. ఆ కబురు రాకుండ పోయిననాడు ఏమగునో ఈ సంచికలో వ్రాయదలచినాము.

మా సంఘములో పెద్దవారొకరు రెండేండ్లు అరికాళ్ళ మంటలని బాధపడినారు. అందరము వాతమనియే అనుకొన్నాము. తరువాత మంటలు తగ్గినవి; ఆయనా సంతోషించినారు, మేమూ సంతోషించినాము. నిజమునకు తగ్గినది జబ్బు కాదు, స్పర్శ. ఒకనాడు పలక పేడు బొటనవ్రేలి క్రింద దిగినను ఆయనకు తెలియలేదు. ఇంటివారు వాసన పట్టి చూచునప్పటికి పుండు ఎముకను అంటినది. రెండు వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చినది. ఆయనకు మధుమేహమున్నదని అప్పుడే బయటపడినది.

ఇది ఎట్లు జరుగును? రక్తములో చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువగా ఉన్నచో నరములు చెడును. వాటిని పోషించు సన్నని రక్తనాళములును చెడును. శరీరములో మిక్కిలి పొడవైన నరములు పాదములకు పోవునవే. కనుక హాని మొదట కాలివ్రేళ్ళలో కనబడి, మేజోడు తొడిగినట్లు పైకి ప్రాకును. తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లుండుట, రాత్రివేళ మంట, దూదిమీద నడచినట్లుండుట దీని గుర్తులు. కొందరికి ఏ గుర్తును లేకయే స్పర్శ పోవును.

తిమ్మిర్లన్నియు మధుమేహము వలననే రావు. బి12 విటమిను లోపము, సారాయి, కుష్ఠు మొదలగు కారణములును కలవు. మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలకాలము వాడువారికి కూడ బి12 తగ్గవచ్చును. కారణము వైద్యుడే తేల్చవలెను. పరగడుపున చక్కెర 126 గాని అంతకు మించి గాని ఉన్నచో, మరల పరీక్షించి మధుమేహమని నిర్ణయింతురు. పాదపరీక్షకు 10 గ్రాముల ఒత్తిడి నిచ్చు నైలాను పోగు ఒకటి చాలును. దానిని అరికాలికి ఆనించి, తెలియుచున్నదా యని అడుగుదురు. కొద్ది నిమిషముల పని. మధుమేహము గలవారు ఏటేట తప్పక చేయించుకొనవలెను.

పోయిన స్పర్శను పూర్తిగా తిరిగి తెచ్చు మందు లేదు. మంటను తగ్గించు మందులు మాత్రము కలవు. చక్కెరను అదుపులో నుంచుకొన్నచో హాని నెమ్మదించును. మిగిలినది మన చేతిలో ఉన్నది:

1. రోజూ రాత్రి అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను దీపము వెలుగున చూచుకొనుడు. వంగలేనివారు ఇంటివారిచేత చూపించుకొనుడు.

2. గుంటలో దిగుటకు ముందు ఊడ్పించుడు. పలకలు నునుపు చేయించి గుడ్డ చుట్టుడు.

3. ఇంటిలోనైనను వట్టికాళ్ళతో నడువకుడు. మెత్తని అడుగుగల చెప్పులు వాడుడు.

4. వేడినీళ్ళ కాపడము, ఇటుక కాపడము పెట్టకుడు, కాలినను తెలియదు.

5. ఆనెకాయలను బ్లేడుతో కోసికొనకుడు. పొగాకు మానుడు.

6. పుండు నొప్పి లేదని ఊరుకొనకుడు. నొప్పి లేని పుండే ఎక్కువ ప్రమాదము. ఆనాడే వైద్యునికి చూపుడు.

షోలాపురమైనను, సేలమైనను, బెర్హంపురమైనను, మగ్గము నడుపునది మన కాళ్ళే. శాఖా కార్యదర్శులు రాబోవు సమావేశమున సభ్యుల పాదపరీక్షకు ఒక వైద్యుని పిలిపింపవలెనని కోరుచున్నాము. పోగు తెగినచో మగ్గము ఆపి అతుకుదుము గదా! పాదముల కొరకు కూడ ఒక పూట మగ్గము ఆపుదము.