పైన వాన, లోపల చెమట: సైకిలుకు తగిన రెయిన్‌కోటు ఏది?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో తాలిపేరు నది ఒడ్డున ఉన్న ఊరు బాసగూడ. గోండితో పాటు తెలుగూ వినిపించే సరిహద్దు ప్రాంతమిది. బస్తర్‌లో బడులు తెరిచే జూన్ నెలలోనే నైరుతి రుతుపవనాలూ వస్తాయి. సరస్వతీ సైకిల్ యోజన కింద ఆ రాష్ట్రంలో తొమ్మిదో తరగతిలో చేరిన అర్హులైన బాలికలకు ఉచితంగా సైకిళ్లు ఇస్తారు. ఆ సైకిలు వానాకాలంలోనూ బడికి చేర్చాలంటే, తొక్కుతూ వేసుకోగలిగిన రెయిన్‌కోటు కూడా కావాలి.

గొడుగు ఇందుకు పనికిరాదు. ఒక చేతిలో గొడుగు ఉంటే రెండో చేతికి అందేది ఒక్క బ్రేకే. పైగా తడిసిన రిమ్ముపై బ్రేకు రబ్బరు పట్టు తగ్గి, సైకిలు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

కోటు లోపల వాన

సైకిలు తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు పావు వంతే పెడలుకు చేరుతుంది. మిగతాది వేడిగా మారుతుంది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ప్లాస్టిక్ కోటు వానతో పాటు ఆ ఆవిరినీ అడ్డుకుంటుంది. అందుకే కోటు వేసుకున్నా లోపల బట్టలు తడుస్తాయి.

1969లో అమెరికాకు చెందిన బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను వేగంగా సాగదీసి, సూక్ష్మరంధ్రాల పొరను తయారుచేశారు. ఆ రంధ్రాల్లో నీటిబొట్టు దూరదు, ఆవిరి దూరుతుంది. అయితే ఆవిరి కదలాలంటే లోపలికీ బయటికీ పీడనంలో తేడా ఉండాలి. 35 డిగ్రీల చర్మం దగ్గర, చెమట నిండినప్పుడు, ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్. 10 డిగ్రీల చలి వానలో, గాలిలో తేమ 90 శాతం ఉంటే, బయట అది 1.1 మాత్రమే. అదే తేమతో 27 డిగ్రీలుండే మన వానల్లో 3.2. అంటే ఆవిరిని బయటికి నెట్టే బలం ఇక్కడ దాదాపు సగమే. ఖరీదైన బట్ట కొన్నా మన వాతావరణంలో ఫలితం అంతంతమాత్రమే.

గాలాడే కేప్

మనకు కావలసింది కింద తెరిచి ఉండే కేప్. తెలంగాణ గొర్రెల కాపరులు తల మీదుగా గొంగడి కప్పుకున్నట్టే, ఇది భుజాల నుంచి వదులుగా జారుతుంది. కింది నుంచి గాలి ఆడుతుంది. పుస్తకాల సంచీ కూడా దాని కిందే ఉంటుంది.

సైకిలు కోసం కొన్ని మార్పులు చేయాలి. ముందు అంచు హ్యాండిల్ వరకూ వచ్చి, బొటనవేళ్లకు తగిలించుకునే ఉచ్చులు ఉండాలి. నడుముకు పట్టీ ఉంటే ఎదురుగాలికి ఎగరదు. వెనక అంచు చువ్వల్లో చిక్కుకోనంత పొట్టిగా ఉండాలి. టోపీ తలతో పాటు తిరగాలి. లేకపోతే పక్క నుంచి వచ్చే బండి కనబడదు.

మబ్బు పట్టిన పగటి వేళ నిమ్మపండు పసుపు, నారింజ వంటి రంగులు దూరం నుంచే కనిపిస్తాయి. చీకట్లో రంగు చాలదు. హెడ్‌లైటు వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపే మెరుపు పట్టీ కావాలి. సీటు వెనక రిఫ్లెక్టరును కేప్ కప్పేస్తుంది కనుక, ఆ పట్టీని కేప్ వీపు భాగంలోనే కుట్టాలి.

అందంగా ఉండటమూ భద్రతలో భాగమే. నలుగురిలో వేసుకోవడానికి సిగ్గుపడే కోటు సంచీలోనే ఉండిపోతుంది. కుట్టే ముందు రంగు, పొడవు, కుట్టు గురించి ఆ సైకిలు తొక్కే ఆడపిల్లలనే అడగాలి.