నాడి పట్టని డాక్టరు!
తెర మీది వైద్యంపై పల్లెల్లో సగం నమ్మకం, సగం అనుమానం

చెయ్యి పట్టుకోకుండా, గుండెకు గొట్టం ఆనించకుండా డాక్టరు మందెలా రాస్తాడన్నది పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళ సందేహం. బస్సు చార్జీ, ఆనాటి కూలి రెండూ మిగిలాయి కదా అన్నది వయసువాళ్ళ సమాధానం. ఆరోగ్య ఉపకేంద్రాల్లో ‘ఈ-సంజీవని’ వైద్యం యీ రెండు మాటల మధ్యనే నడుస్తోంది.

కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో యీ పద్ధతిని ప్రారంభించింది. తొలుత చేపట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, యింటినుంచే ఫోనులో డాక్టరుతో మాట్లాడే వీలు కల్పించారు. దీనికి ఫీజు లేదు.

ఉపకేంద్రంలో సిస్టరు ముందుగా బి.పి., షుగరు చూసి, రోగి బాధను ట్యాబులో నమోదు చేస్తుంది. అప్పుడు మరో వూళ్ళోని డాక్టరు తెర మీదకు వస్తారు. ప్రశ్నలడిగి చీటీ రాస్తారు. సిస్టరు మందులిస్తుంది.

నెలనెలా బి.పి., షుగరు మాత్రలు వాడేవారికి యిది బాగానే నచ్చుతోంది. జ్వరం వచ్చినవారి సంగతి వేరు. సూది పడందే రోగం తగ్గదనే నమ్మకం పల్లెల్లో యింకా బలంగా వుంది. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికి, అప్పు పెట్టి మందిచ్చే ఆర్.ఎం.పి.ని కాదని తెర ముందు కూర్చోడానికి చాలామందికి మనసొప్పదు.

ఆడవాళ్ళ యిబ్బంది మరొకటి. ఒకటే గది, బయట వరండాలో పదిమంది. తెల్లబట్ట, నెలసరి బాధల గురించి గట్టిగా చెప్పుకునేదెలా? తలనొప్పి అని చెప్పి మాత్ర తీసుకుని వెళ్ళేవారూ లేకపోలేదు. అసలు జబ్బు అలాగే వుండిపోతుంది.

ముసలివాళ్ళకు ఫోను చిక్కు. నంబరు కొడుకుది, కొడుకేమో పట్నంలో. ఓటీపీ అక్కడికి పోతుంది. 14 అంకెల ‘ఆభా’ సంఖ్య తీసుకోవడం స్వచ్ఛందమేనన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఎవరో ఫోను చేసి ఓటీపీ అడిగితే మాత్రం చెప్పకూడదు.

2020 మార్చి 25న వెలువడిన నిబంధనలు రోగికి కొన్ని హక్కులిచ్చాయి. డాక్టరు తన పేరు, అర్హత చెప్పాలి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు వుండాలి. చేత్తో పరీక్షించవలసిన జబ్బయితే స్వయంగా వచ్చి చూపించుకోమనాలి. ఆ మాట అడిగే హక్కు రోగికీ వుంది.

గుండెనొప్పి, పాముకాటు, కాన్పు నొప్పులు, మూతి వంకరపోవడం - వీటికి తెర వైద్యం కోసం కాచుక్కూర్చోరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

పల్లె జనానికి తెర మీది డాక్టరుకంటే పక్కనున్న సిస్టరమ్మ మీదే గురి ఎక్కువ. ఆమె ధైర్యం చెబితే కూర్చుంటారు. రాసిన మాత్ర కేంద్రంలో లేకపోతే మళ్ళీ రారు. గదికి ఒక పరదా, అలమరలో సరిపడా మందులు, తెగిపోని సిగ్నల్ - అధికారులు యీ మూడూ సమకూరిస్తే యీ వైద్యంపై అనుమానం చాలావరకు తగ్గుతుంది.