మీకు తెలుసా? వాల్వు గిటారు ఆంప్లిఫయరున రెండు సవరణలు

1927 ఆగస్టు 2న హడ్సన్ నదిని పడవలో దాటుచు, బెల్ ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ తన చేతనున్న వార్తాపత్రికపై గీచిన చిత్రమే నేటి ఫీడ్‌బ్యాక్ కంట్రోలునకు మూలము: వెలువడు సంకేతమున కొంత అంశమును తలక్రిందుగా వెనుకకు పంపినచో గెయిను తగ్గును గాని, దానితోపాటు వక్రతయు తగ్గి నాదము నిర్మలమగును.

ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఎ నమూనా గిటారు ఆంప్లిఫయరులో సంకేతమును వెనుకకు పంపు ఈ పనిని 27 కిలోఓముల రెసిస్టరొకటి నిర్వహించును. 1962లో లండనున జిమ్ మార్షల్ బృందము దాని ననుసరించి జేటీఎం45ను నిర్మించుచు, అదే రెసిస్టరును అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు 2 ఓముల ట్యాపునకు మారుగా 16 ఓముల ట్యాపునకు కలుపగా, వెనుకకు పోవు వోల్టేజి సుమారు 2.8 రెట్లయ్యెను. మొదటి సవరణ యిదియే: ఆ రెసిస్టరుతో శ్రేణిలో ఒక పొటెన్షియోమీటరును చేర్చినచో నిర్మలత్వమునుండి గరుకుదనమువరకు వాదకుడు తన యిచ్చ వచ్చినట్లు సంచరింపవచ్చును. ఇంతటి స్వల్పవ్యయముతో ఇంతటి స్వరభేదమును కలిగించు సవరణ మరొకటి అరుదు. ట్రాన్స్‌ఫార్మరు తీగలు తారుమారైనచో మాత్రము ఆంప్లిఫయరు గీపెట్టును.

రెండవ సవరణ మాస్టర్ వాల్యూము, అనగా మొదటి వాల్వులకును పవర్ వాల్వులకును నడుమ సంకేతమును తగ్గించు నియంత్రణము. హైదరాబాదులోని బోరబండవలె ఇండ్లు గోడకు గోడ యానుకొనియున్న చోట్ల ఇది మిక్కిలి ఉపకరించును. అయితే అప్పుడు మొదటి వాల్వులే కరకరలాడును, పవర్ వాల్వులు మౌనముగా నుండును.

ఏ సవరణకైనను ముందొక జాగ్రత్త: ఆంప్లిఫయరు ప్లగ్గు తీసిన పిమ్మటను ఫిల్టరు కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచియుండవచ్చును. వానిని రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరుతో సరిచూచిన తరువాతనే సోల్డరింగు ఐరను పట్టవలెను.