చదివినదా, వచ్చినదా?

పరీక్ష ముందునాటి రాత్రి విద్యార్థి పాఠమును మూడు నాలుగు మారులు చదువును. తుదిసారి చదువునప్పుడు ప్రతి వాక్యమును ఎరిగిన ముఖమువలె పలుకరించును. "వచ్చినది" అనుకొని పుస్తకము మూసి నిద్రపోవును. మరునాడు ఎట్లో గట్టెక్కును గాని, పది దినములు గడచిన పిదప ఆ విషయమే అడిగినచో తెల్లమొగము వేయును. శ్రద్ధ లేదని ఉపాధ్యాయుడు నిందించును. జ్ఞాపకశక్తి లేదని తల్లిదండ్రులు బెంగపడుదురు. లోపము తరచుగా ఆ రెంటిలోను ఉండదు. చదివిన పద్ధతిలో ఉండును.

అమెరికాలో సెయింట్ లూయీ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రోడిగర్, కార్పికీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి 2006లో ఫలితములు ప్రకటించిరి. ఒక వర్గపు విద్యార్థులు చిన్న వచన భాగమును నాలుగు విడతలు చదివిరి. మరొక వర్గమువారు ఒక విడత మాత్రమే చదివి, తక్కిన మూడు విడతలును దానిని చూడకుండ గుర్తున్నంత వ్రాసిరి. ప్రతి వర్గములోను కొందరిని ఐదు నిమిషములకే పరీక్షింపగా చదివినవారిదే పైచేయి: వారికి నూటికి 83 పాళ్లు, వ్రాసినవారికి 71. తక్కినవారిని వారము పిదప పరీక్షింపగా లెక్క తారుమారైనది: చదివినవారికి 40, వ్రాసినవారికి 61. విచిత్రమేమనగా, వారమునకు ఎంత గుర్తుండునని ముందే అడిగినప్పుడు ఎక్కువ ధీమా చూపినవారు నాలుగు విడతలు చదివినవారే! పాఠము కండ్లయెదుట ఉన్నంతవరకు అది పుస్తకములో ఉన్నదో తలలో ఉన్నదో చదువరికే తెలియదు.

మన వీధిబడులలో పాఠము అప్పజెప్పుట అను ఆచారము ఉండెడిది. అర్థము తెలియకుండ అప్పజెప్పించిన మాట నిజమే. తప్పినవానికి కోదండము, గోడకుర్చీ సిద్ధముగా ఉండిన మాటయు నిజమే. ఆ శిక్షలను రోసి, వాటితోబాటు అప్పజెప్పుటను కూడ పారవేసితిమేమో!

ఎప్పుడు వల్లెవేయవలెనను ప్రశ్నకు జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే సమాధానము చూపినాడు. అర్థము లేని అక్షరకూటములను తానే కంఠస్థము చేసి లెక్కలు వ్రాసికొన్నాడు. ఒక్కనాడు వరుసగా 68 మారులు వల్లించిన ఫలము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించినంతనే అతనికి దక్కినది.

తరగతిలో దీనికి ఖర్చేమియు లేదు. గంట మొదట మూడు ప్రశ్నలు చాలును: నిన్నటి పాఠమునుండి ఒకటి, గత వారమునుండి ఒకటి, గత మాసమునుండి ఒకటి. అందరును పుస్తకములు మూసి వ్రాయవలెను. వెంటనే సరియైన జవాబు చెప్పవలెను. మార్కులు వేయరాదు. మార్కు వచ్చినచోటికి భయము వచ్చును. భయమువెంట ప్రక్కవాని పలకవైపు చూపు పోవును. పాఠమే బోధపడనివానికి ఇది పనికిరాదు. వానికి మరల చెప్పవలసినదే.

కష్టమెల్ల ఆ మొదటి రెండు నిమిషములలోనే. ప్రశ్న వేసిన పిదప గది నిశ్శబ్దమగును. పిల్లలు పైకప్పు చూతురు, కలము కొరుకుదురు. జవాబు తానే చెప్పివేయవలెనని ఉపాధ్యాయునికి నాలుక దురద పెట్టును.