నంబరు చెప్పని పుట్టుక

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే తీరాన ఇప్పుడు కనిపించేవి ఎక్కువగా ఫైబర్ బోట్లు. వాటికి ముందు ఆ అలలకు ఎదురెళ్లినవి కుట్టుపడవలు. మేకు అన్నది కొట్టకుండా, చెక్కకూ చెక్కకూ కొబ్బరితాడుతో కుట్టు వేసేవారు. కెరటం బాదినప్పుడు బిర్రుగా ఉన్న పడవ పగులుతుంది, కుట్టుపడవ సాగి తట్టుకుంటుంది. తాడు నానిపోతే కుట్లు విప్పి మళ్లీ కుట్టేవారు, చెక్క పుచ్చితే ఆ ఒక్క చెక్కే మార్చేవారు. అలా కొన్నేళ్లు గడిచాక అందులో మొదటి తాడు పోగైనా మిగలదు. అయినా అది ఫలానావాళ్ల పడవే. రేసుల కోసం ఎవరో షెడ్డులో చేతితో కూర్చిన పాత మోటారు సైకిలు దొరికితే దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చడానికి ఈ పడవే సరైన కొలబద్ద అని నా వాదన. మనకు అలవాటైన కొలబద్ద వేరు. ఆర్సీ పుస్తకం, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. ఈ మూడూ కలిస్తే బండి అసలుది, కలవకపోతే దొంగది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఇంటి పనులకు తిరిగిన బండి విషయంలో ఆ కొలత బాగానే పనిచేస్తుంది. హ్యాండిల్ బిగించే మెడ మీద ఒక అంకె, క్రాంక్‌కేసు మీద ఒక అంకె కొట్టి, ఏ డీలరుకు పంపిందీ కంపెనీ చిట్టాలో రాసుకునేది. బ్రిటన్‌లో ట్రయంఫ్, బీఎస్ఏ లాంటి కంపెనీలు మూతపడ్డాక కూడా ఆ చిట్టాలు పాడైపోలేదు. అక్కడి వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు వాటిని భద్రపరిచి, అంకె చెబితే తేదీ చూసి పత్రం ఇస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి విన్సెంట్ ట్విన్ బండ్లకైతే ఇంకా ముచ్చటైన లెక్క ఉంది: ఫ్రేము అంకెలోంచి ఇంజను అంకె తీసేస్తే సరిగ్గా 1900 మిగలాలి. అంతేకాదు, క్రాంక్‌కేసు రెండు చిప్పలకూ అడుగున ఒకే జోడీ అంకె ఉండాలి. ఎక్కడ ఏ ముక్క మారినా లెక్క తప్పుతుంది.

చిక్కంతా రేసు బండితోనే. ఇంగ్లండులో ట్రైటన్ అనే బండి ఉంది, ఆ పేరుతో ఏ కంపెనీ లేదు. ఆ కథ మెక్‌క్యాండ్లెస్ సోదరులు గీసిన ఫెదర్‌బెడ్ ఫ్రేముతో మొదలైంది. 1950లో నార్టన్ కంపెనీ దాన్ని రేసులకు దించింది, ఆ ఏడాదే రేసరు జెఫ్ డ్యూక్ దానిమీద సీనియర్ టీటీ రేసు గెలిచాడు. మలుపుల్లో దాన్ని మించిన ఫ్రేము లేదని పేరొచ్చింది. అదే కాలంలో 500 సీసీ చిన్న రేసు కార్లు నడిపేవాళ్లకు నార్టన్ మాంక్స్ ఇంజను కావలసి వచ్చింది. కంపెనీ ఇంజను విడిగా అమ్మనంది. వాళ్లు బండి మొత్తం కొని, ఇంజను పీక్కుని, ఫ్రేము వదిలించుకునేవారు. అలా మిగిలిన ఫ్రేముల్లోకి కుర్రాళ్లు ట్రయంఫ్ ఇంజను దించారు. ట్రైటన్ పుట్టుక అదీ. దాని మెడ మీద నార్టన్ వాళ్ల బర్మింగ్‌హామ్ అంకె, పొట్ట మీద ట్రయంఫ్ వాళ్ల మెరిడెన్ అంకె. రెండూ నిజమైనవే, రెండూ ఒకదానికొకటి కలవవు. కలిసే ట్రైటన్ ఎక్కడైనా కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే. ఆ రెండిటినీ కలపడానికి చేత్తో కోసి అమర్చిన ఇంజను ప్లేట్లే ఆ బండికి అసలు జన్మపత్రిక, వాటిమీద ఏ కంపెనీ అంకే ఉండదు.

మన వైపు కథ దీనికి ఎంతో దూరం లేదు. శ్రీకాకుళం పక్కనుంచి సాగే జాతీయ రహదారి 16 మీద దక్షిణంగా వెళితే చెన్నై చేరడానికి కాస్త ముందు షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయ్యాక దశాబ్దాలపాటు దక్షిణాది రేసులకు అదే వేదిక. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలు ట్రాకు వచ్చేదాకా ఆ రన్‌వే మీదే పోటీలు. దిగుమతులకు తలుపులు మూసి ఉన్న రోజులు కాబట్టి పరుగెత్తేవి ఎక్కువగా ఇక్కడి బండ్లే: 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లు, మైసూరు ఐడియల్ జావా వాళ్ల జావాలు, యెజ్దీలు, 1983 నుంచి రాజ్‌దూత్ ఆర్‌డీ 350లు. కొన్నది కొన్నట్టు పరుగెత్తితే గెలుపు కష్టం. హెడ్డు గీకడం, సైలెన్సరు కోయడం, ఒక బండి ఫోర్కు ఇంకో బండికి బిగించడం, అన్నీ షెడ్డు పనులే. అలాంటి బండి చేతులు మారి మారి ఏ కళింగపట్నం పెరట్లోకో వచ్చి చేరిందనుకుందాం. ఆర్సీ చూస్తే మామూలు బుల్లెట్టు. ఉప్పుగాలి మెడ మీది అంకెను సగం తినేసి ఉంటుంది. అప్పుడేం చూడాలి?

బోల్టులు చూడాలి. పాత ఇంగ్లీషు బండ్ల నట్టుబోల్టులది ఒక వరస, జావాది ఇంకో వరస. ఇంగ్లీషు విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, జావా వాడే మెట్రిక్ మర కోణం 60. పాత బుల్లెట్టు ఇంజను ప్లేట్లలో మెట్రిక్ బోల్టు కనిపిస్తే, ఫ్యాక్టరీ దాటాక ఎవరి చెయ్యో అక్కడ పడి ఉండవచ్చు. ఆయిలు మూత బోల్టు తలకు అడ్డంగా సన్నటి చిల్లు ఉందా? రేసులో ఆ మూత ఊడి ఆయిలు ట్రాకు మీద పడకుండా తీగతో కట్టడానికి వేసిన చిల్లు అది. ఊళ్లో తిరిగే బండికి ఆ శ్రమ ఎవరూ పడరు. ఇంజను విప్పినప్పుడు లోపల లక్కలా పట్టేసిన, గోరుతో గీకినా రాని పసుపుపచ్చ పొర ఉందా? అది ఆముదం. బాగా వేడెక్కినా అంత సులువుగా పలచబడి జారిపోని గుణం ఉంది కాబట్టి పాత రేసువాళ్లు ఆముదపు ఆయిలే పోసేవారు. క్యాస్ట్రాల్ అన్న పేరులోనే ఆముదానికి ఇంగ్లీషు పేరు ఉంది. మన ఇళ్లలో పసిపిల్లల పొట్టకు రాసే ఆముదమే ఒక ఇంజనుకు పరుగు సాక్ష్యం కావడం నాకు భలే నచ్చే విషయం. వెల్డింగు కూడా నోరు విప్పుతుంది. గ్యాసు మంట మీద ఇత్తడి కడ్డీ కరిగించి పోసిన అతుకు ఒకలా ఉంటుంది, ఇవాళ్టి టిగ్ వెల్డింగులో సన్నగా, వరసగా కనబడే పొలుసుల అతుకు మరోలా ఉంటుంది. 1960ల బండి అని చెప్పి టిగ్ అతుకు చూపిస్తే అడగాల్సింది చాలా ఉంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. అంకెకు విలువ లేదంటే ఎవడైనా రెండు తుక్కు బండ్లు కలిపి, నాలుగు చిల్లులు వేసి, పాత రేసు బండి అని అమ్మడా? అమ్ముతాడు. కానీ అంకెను నమ్మినా అమ్ముతాడు, ఇంకా సులువుగా. అంకెల పంచ్‌ల సెట్టు ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతుంది. పాత అంకెను ఆకురాయితో రుద్దేసి కొత్తది కొట్టడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. పంచ్ దెబ్బకు ఉక్కు కింద లోపలిదాకా నలుగుతుంది, రుద్దినచోట యాసిడ్ పూస్తే పాత అంకె నీడలా తేలుతుంది. ఫోరెన్సిక్ లాబులు దొంగబండ్లను పట్టేది అలాగే. అయితే ఆ పరీక్ష చేయించి బండి కొనేవాళ్లెందరు? దానికన్నా నాలుగు కాలాల్లో నాలుగు చేతులు చేసిన మార్పుల్ని, ఒకదాని మీద ఒకటి, అరుగుదల పొంతనతో సహా పుట్టించడం ఎన్నో రెట్లు కష్టం. పైగా బజారు కూడా అంకెను దాటి చూస్తుంది. 2018లో లాస్ వెగాస్ వేలంలో జాక్ ఎరెట్ నడిపిన విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ 9,29,000 డాలర్లు పలికింది. ఆ మోడల్ ముప్పై పైచిలుకు తయారైంది, అంకెలు అన్నిటికీ ఉన్నాయి. 1953లో ఆస్ట్రేలియాలో గంటకు 141 మైళ్లు దాటి రికార్డు కొట్టిన చరిత్ర మాత్రం దీనికొక్కదానికే ఉంది.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. మారుతూనే ఉండే బండికి ఏ రూపం అసలుది? న్యూజిలాండ్ ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో 1920లో కొన్న ఇండియన్ కంపెనీ స్కౌట్ బండి అప్పట్లో గంటకు 55 మైళ్లు వెళ్లేది. పిస్టన్లు తానే పోత పోసుకుని, కనెక్టింగ్ రాడ్లు చెక్కుకుని నలభై ఏళ్లకు పైగా దాన్ని మారుస్తూనే పోయాడు. 1967లో అమెరికాలోని బోనవిల్ ఉప్పునేల మీద అది గంటకు 184 మైళ్లు వెళ్లింది, అంటే దాదాపు 296 కిలోమీటర్లు. ఇప్పుడా బండిని ఎవరైనా 1920 నాటి రూపానికి తెచ్చి పెడతానంటే, దాన్ని బాగుచేయడం అనాలా, చెరిపేయడం అనాలా? ఏదైనా ఒక రోజును ఎంచుకుని, ఆ రోజు ఫోటోలో ఉన్న రూపమే ఆధారం అనుకోవాలి. మన్రో బండికి ఆ రోజు 1967లోనే ఉంది.

మన చట్టం దీనికి చోటివ్వదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, కొత్తగా నమోదుకు ఫీజు 20,000 రూపాయలు. కానీ బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లోగానీ ఇంజనులోగానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. దొంగబండ్ల బెడద ఉన్న దేశంలో ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం, యాజమాన్యం తేల్చడానికి అంకె ఉండాల్సిందే. యాజమాన్యం వేరు, పుట్టుక వేరు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఈ తేడా గుర్తించి, తన కాలంలోనే మార్పులకు లోనైన బండ్లకు విడిగా ఒక తరగతి పెట్టింది. అలాంటి తరగతి మన దగ్గర లేనందువల్ల, వింటేజ్ నమోదు కావాలనుకునే యజమానికి మిగిలే దారి ఒక్కటే: షోలవరం బుల్లెట్టును మళ్లీ షోరూం బుల్లెట్టుగా మార్చడం. దానికోసం చేత్తో చేసిన ప్లేట్లు, చిల్లులు వేసిన బోల్టులు ముందుగా తుక్కు కొట్టు తూకానికి పోతాయి. కళింగపట్నం పెరట్లో ఆ బండి దొరికితే, కిరసనాయిలుతో కడగకముందే ప్రతి అతుకునూ, బోల్టునూ దగ్గరగా ఫోటోలు తీసి, విప్పినవన్నీ ఎక్కడివో చీటీ కట్టి ఒక పాత డబ్బాలో వేయాలి. తుప్పు పట్టినవి కూడా.