పాత ట్రెడ్‌మిల్‌ని బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

చాలా ఇళ్లలో బట్టలారేసుకునే స్టాండుగా రిటైరైపోయిన ఒక వస్తువు గురించి ఈ ఎపిసోడ్. అదేనండి, ట్రెడ్‌మిల్. నవ్వుతున్నారా? నేనూ నవ్వేవాణ్ణే, మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లేదాకా.

మాది కాకినాడ. నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. నాన్నకి 68 ఏళ్లు. రెండేళ్ల క్రితం గుండెకి స్టెంట్ వేశారు, షుగర్ కూడా ఉంది. రోజూ అరగంట నడవమని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. మా వీధిలో తెల్లారకుండా నడవాలంటే కుక్కలతో పేచీ. వానాకాలమైతే ఏది రోడ్డో ఏది గొయ్యో తెలీదు. అందుకని 2015లో కొన్న ట్రెడ్‌మిల్‌నే నాన్న నమ్ముకున్నారు.

పండక్కి వెళ్లేసరికి ఆ మిషన్ మీద దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. "ఏంటి నాన్నా, నడవట్లేదా?" అంటే "మోకాలు కొంచెం పట్టేసిందిరా" అన్నారు. అసలు సంగతి రాత్రి వంటింట్లో అమ్మ చెప్పింది. నడుస్తుండగా మిషన్ రెండుసార్లు టక్కున ఆగిపోయిందట. రెండోసారి నాన్న ముందుకు తూలి ఛాతీ వెళ్లి రాడ్డుకి తగిలింది. అప్పట్నుంచి మూడు నెలలుగా ఎక్కలేదు. నాకెందుకు చెప్పలేదు అంటే, "చెప్తే నువ్వు వేలకి వేలు పోసి కొత్తది కొనేస్తావని." ఈలోగా షుగర్ రిపోర్టు పైకి పోయింది.

నాన్న అనుకున్నట్టే, నేను చేసిన మొదటి పని ఫోన్ తీసి సేల్‌లో ఏముందో చూడటం. ఒక వాకింగ్ ప్యాడ్ కనిపించింది. సన్నగా, మంచం కిందకి తోసేసేలా ఉంది, రేటు కూడా తక్కువే. కార్ట్‌లో పెట్టేశాక అప్పుడు గమనించా, దానికి పట్టుకోడానికి చేతి రాడ్లే లేవు. 68 ఏళ్ల మనిషికి, అదీ ఒకసారి తూలిపడబోయిన మనిషికి, రాడ్డు లేని బెల్టు! మీ ఇంట్లో పెద్దవాళ్ల కోసం చూస్తున్నట్టయితే ఈ ఒక్క కారణం చాలు, అలాంటిది వద్దనుకోడానికి.

తర్వాత సర్వీసుకి ఫోన్ చేశాను. వచ్చిన అబ్బాయి మిషన్ ఆన్ చేసి, ఖాళీగా రెండు నిమిషాలు తిప్పి, మూత మీద చెయ్యి పెట్టి చూసి, "మోటార్ వీక్ అయిపోయింది సార్, బోర్డు కూడా డౌటే. 18 వేలు అవుతుంది. దానికి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా" అన్నాడు. నేను కూడా ఆల్మోస్ట్ సరే అనేశాను. కానీ ఒక విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు మిషన్ బాగానే తిరుగుతోంది, మనిషి ఎక్కితేనే ఆగిపోతోంది. ఆ అబ్బాయి మనిషిని ఎక్కించి చూడనే లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఈ మిషన్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇది అర్థమైతే సగం నిర్ణయం అయిపోయినట్టే.

మనం నడిచే బెల్టు కింద ఒక చెక్క పలక ఉంటుంది, దాన్ని డెక్ అంటారు. మామూలుగా ఎండీఎఫ్ చెక్క, పైన నున్నటి పూత. ముందొక రోలర్, వెనకొక రోలర్. ముందున్న మూత కింద మోటార్ ఉంటుంది, అది ఒక చిన్న బెల్టుతో ముందు రోలర్‌ని తిప్పుతుంది. మోటార్‌కి ఎంత కరెంట్ ఇవ్వాలో కంట్రోల్ బోర్డు చూసుకుంటుంది. మీరు అడుగు వేసిన ప్రతిసారీ మీ బరువంతా బెల్టుని డెక్ మీద అదుముతుంది. ఆ రెండింటి మధ్య సిలికాన్ ఆయిల్ పొర ఉంటే బెల్టు జారుతుంది. అది ఆరిపోతే రాపిడి మొదలవుతుంది. అప్పుడు అదే స్పీడు నిలబెట్టడానికి మోటార్ ఎక్కువ కరెంట్ లాగాలి, బోర్డు వేడెక్కాలి. ఒక హద్దు దాటగానే బోర్డు తనని తాను కాపాడుకోడానికి టక్కున ఆపేస్తుంది. అంటే కొన్ని వందల ఆయిల్ పొయ్యకపోవడం వల్ల వేల రూపాయల బోర్డు, మోటార్ చస్తాయి. చివరికి బిల్లు మీద కనిపించేది మాత్రం మోటార్ పేరే.

మా వీధిలోనే ఒక పెద్దాయన ఉన్నారు, మిక్సీలు, మోటార్లు వైండింగ్ చేస్తారు. అందరం బాబాయ్ అంటాం. ఆయన్ని పిలిచాను. బాబాయ్ ముందు మిషన్ ప్లగ్ తీసేసి, బెల్టు అంచు పైకెత్తి, చెయ్యి లోపలికి పెట్టి వేళ్లు వాసన చూశారు. "ఎవరండీ ఇందులో కుట్టుమిషన్ నూనె పోసింది?" అన్నారు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

చెప్పొద్దూ, ఈ తప్పు చాలామంది చేస్తారు. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదలడానికి కొట్టే స్ప్రే... ఇవేవీ పనికిరావు. పెట్రోలియం నూనెలు బెల్టుని పాడు చేస్తాయి, దుమ్ముని పట్టుకుని జిగురు చేస్తాయి. ట్రెడ్‌మిల్‌కి పోసేది సిలికాన్ ఆయిల్ ఒక్కటే. కొన్ని మోడల్స్‌లో డెక్ మీద మైనం పూత ఉంటుంది, వాటికి ఆ ఆయిల్ కూడా వద్దంటారు. అందుకే మాన్యువల్ చూడాలి. పోగొట్టుకుంటే మోడల్ నంబర్ కొట్టి వెతకండి.

తర్వాత బాబాయ్ క్లాంప్ మీటర్ తీశారు. లోపలికి వెళ్లే తీగ చుట్టూ పెడితే ఎన్ని యాంప్‌లు లాగుతోందో చూపించే మీటర్ అది. ఖాళీగా తిప్పితే 2 లోపే. నేను ఎక్కి మెల్లగా నడిస్తే 6 దాటిపోయింది, రెండు నిమిషాలకి మిషన్ ఆగింది. నేను రాడ్డు పట్టుకునే ఉన్నాను కాబట్టి సరిపోయింది. బాబాయ్ అన్నారు, "మోటార్‌ది తప్పేం లేదండి బాబూ. దాని నెత్తిన బండరాయి పెట్టి మొయ్యట్లేదంటే ఎలాగండి?"

మూత తీస్తే లోపల అరచేతి మందాన దుమ్ము, జుట్టు, ఒక ఎండిపోయిన బల్లి. మీరు కూడా మూత తీసి శుభ్రం చేసుకోవచ్చు గానీ, ఒక్క జాగ్రత్త: ప్లగ్ తీసేశాక కూడా బోర్డు మీదున్న కెపాసిటర్లలో కాసేపు కరెంట్ నిలవ ఉంటుంది. వెంటనే చెయ్యి పెట్టకండి, బోర్డుని అసలు ముట్టుకోకండి. అది తెలిసినవాళ్ల పని.

బెల్టు అడుగు అద్దంలా నున్నగా అరిగిపోయింది, ఆయిల్ పోసినా లాభం లేదు. డెక్ మీద అడుగులు పడే చోట పూత పోయింది. ఇక్కడే మాకు అదృష్టం కలిసొచ్చింది. కొన్ని డెక్‌లకి రెండు వైపులా పూత ఉంటుంది, తిరగేసి బిగించుకోవచ్చు. మాది అలాంటిదే. కొత్త బెల్టు 3,900, మోటార్ కార్బన్ బ్రష్‌లు 350, సిలికాన్ ఆయిల్ 450, బాబాయ్ కూలీ 1,500. మొత్తం 6,200 రూపాయలు. మళ్లీ మీటర్ పెట్టి నేను నడిస్తే 3 దాటలేదు.

అయితే ఇది విని "ఓహో, ఎప్పుడూ రిపేరే బెటర్" అనుకోకండి. కూకట్‌పల్లిలో ఉండే మా ఫ్రెండ్‌కి నేనే "తీసెయ్" అని చెప్పాను. వాడిది నాలుగేళ్ల మిషన్, మా దానికంటే కొత్తది. కానీ డిస్‌ప్లే, బోర్డు రెండూ పోయాయి, ఆ మోడల్ రావడం ఆగిపోయింది. ఇక్కడ చాలామందికి తెలియని పాయింట్ ఒకటుంది. బోర్డు, డిస్‌ప్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక కంపెనీ డిస్‌ప్లే భాష ఇంకో కంపెనీ బోర్డుకి అర్థం కాదు. దొరక్కపోతే రెండూ సెట్‌గా మార్చాలి. పైగా వాడి మిషన్ బాల్కనీలో ఉండేది. వాన జల్లుకి డెక్ చెక్క ఉబ్బిపోయింది, ఫ్రేమ్ అతుకు దగ్గర చిన్న పగులు. ఫ్రేమ్ పగిలిందంటే నా దృష్టిలో ఇంక లెక్కలు వెయ్యక్కర్లేదు. వెల్డింగ్ చేయించి దాని మీద పరిగెత్తడం ఎందుకు?

మరి మీ మిషన్ సంగతి ఎలా తెలుసుకోవాలి? లక్షణాన్ని బట్టి చాలావరకు పట్టుకోవచ్చు. ఖాళీగా బాగుండి మనిషి ఎక్కితే మూలుగుతోందంటే ముందు రాపిడిని అనుమానించండి. అడుగు వేసినప్పుడల్లా బెల్టు క్షణం తడబడి మళ్లీ కదులుతోందంటే అది వదులై ఉండొచ్చు, వెనక రోలర్ దగ్గర రెండు బోల్టులుంటాయి, ఆలెన్ కీతో పావు చుట్టు చొప్పున రెండు వైపులా సమానంగా బిగించాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, మధ్యలో పట్టుకుని ఎత్తితే రెండు మూడు అంగుళాలు లేవాలి. స్టార్ట్ అవ్వగానే ఒక్కసారి స్పీడుగా ఉరికి, కొన్ని సెకన్లలో ఎర్రర్ చూపించి ఆగిపోతే చాలాసార్లు స్పీడ్ సెన్సర్. చిన్న అయస్కాంతం, దాని పక్కన ఒక సెన్సర్, అంతే. చవక పార్టు. కాలిన వాసన వచ్చినా, ఇంట్లో ఎంసీబీ పడిపోతున్నా, రాడ్డు పట్టుకుంటే జిల్లుమంటున్నా మాత్రం ప్లగ్ పీకేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ముందు ఎర్తింగ్ చూపించండి.

ఇంకొకటి. నడుస్తుండగా ఎందుకు ఆగుతుందో తెలియని మిషన్ మీద, కారణం తేలేదాకా ఎవర్నీ ఎక్కనివ్వకండి. సేఫ్టీ కీ తాడుని చొక్కాకి తగిలించుకుని, లాగితే నిజంగా ఆగుతుందో లేదో చూసుకోండి. మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఆ తాడు సొరుగులో ఉంది! తాడు లేని కీని మాత్రం మిషన్‌కి పెట్టి నడిచేవాళ్లు. పిల్లలున్న ఇల్లయితే, వాడనప్పుడు ఆ కీ తీసి దాచేయండి.

ఇప్పుడు డబ్బు లెక్క. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనమని ఒక రూల్ అందరూ చెప్తారు. తప్పని అనను గానీ, సగం అంటే దేనిలో సగం? మా పాతది 80 కిలోలకి పైనే ఉంటుంది, నలుగురు పట్టుకుంటే గానీ కదలదు, నడిస్తే ఊగదు. నేను సేల్‌లో చూసినవి దాంట్లో సగం బరువు కూడా లేవు. మీ పాతదానితో సమానమైన మిషన్ ఈరోజు ఎంతుందో చూసి, దానితో పోల్చాలి. చవక మిషన్ ధరతో పోలిస్తే మంచి పాతది కూడా దండగలాగే కనిపిస్తుంది.

కొత్తది కొనేటప్పుడు హెచ్‌పీ మాటకి పడిపోకండి. "4 హెచ్‌పీ పీక్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, నాలుగంటే దాదాపు 3,000 వాట్లు. మన 230 వోల్టుల కరెంట్‌లో అది 13 యాంప్‌లు. మన ఇళ్లలో ఫోన్ ఛార్జర్ పెట్టే 6 యాంప్‌ల సాకెట్ ఇచ్చేది 1,380 వాట్లే. అంటే ఆ పీక్ అనేది క్షణకాలం మాట. ఆగకుండా ఎంత ఇవ్వగలదో, కంటిన్యువస్ హెచ్‌పీ అని ఉంటుంది, అది అడగండి. దాంతోపాటు ఎంత బరువు మనిషి వరకు ఓకే, స్పేర్ బెల్టు, బోర్డు మీ ఊళ్లో దొరుకుతాయా అని కూడా అడగండి. ఏ ట్రెడ్‌మిల్‌నైనా 16 యాంప్‌ల సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి వద్దు.

మా ఫ్రెండ్ చివరికి కొత్తది కొనలేదు. పాతది స్క్రాప్‌కి ఇచ్చేసి, వాళ్ల అపార్ట్‌మెంట్ జిమ్‌లో ఉన్నదానిమీదే నడుస్తున్నాడు. వాడు ఆ మిషన్ వాడింది మొత్తం కలిపితే నెల రోజులు ఉంటుందేమో. రిపేరు గురించి అడిగేముందు ఆ లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి మరి.

నాన్న మొదటి వారం ఎక్కనన్నారు. భయం పోలేదు, ఆ మాట ఒప్పుకోరు. అమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే 2 కిలోమీటర్ల స్పీడులో పది నిమిషాలు నడిచారు, చొక్కాకి తాడు తగిలించుకుని. ఇప్పుడు పాతిక నిమిషాలకి వచ్చారు. మిషన్ మూత మీద తెల్ల టేపు అంటించి, ఆయిల్ పోసిన తేదీ పెన్నుతో రాశారు. కుట్టుమిషన్ నూనె డబ్బా మాత్రం అమ్మ ఎక్కడ దాచిందో నాక్కూడా చెప్పట్లేదు.